పూలమాల పేరున వెళ్ళిన విమానాలు

మన పావగడ కరువు తాలూకా. బియ్యపు మూట విలువ ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. అదే మూట విమానంలో నుండి పొరుగు దేశంలో పడితే మాత్రం దాని అర్థం వేరవుతుంది. 1987లో మన బెంగుళూరు నుండే అటువంటి మూటలు శ్రీలంకకు వెళ్ళినవి.

అక్కడ 1983 నుండి ప్రభుత్వానికీ తమిళ పులులకూ అంతర్యుద్ధం. 1987 మే నెలాఖరున లంక సైన్యం జాఫ్నా ద్వీపకల్పంలో పెద్ద దాడి మొదలుపెట్టింది. జనం తిండికీ మందులకూ అలమటిస్తున్నారని మన ప్రభుత్వం జూన్ 3న రామేశ్వరం నుండి రెడ్ క్రాస్ జెండాతో పడవలు పంపగా, లంక నౌకాదళం అడ్డగించి వెనుకకు మరల్చింది.

మరునాడే అయిదు ఆంటొనోవ్-32 సరకు విమానాలు బయలుదేరినవి. వాటికి కాపలా మిరాజ్-2000 యుద్ధవిమానాలు. ఈ పనికి పెట్టిన పేరు 'ఆపరేషన్ పూమాలై', అనగా పూలమాల! ఢిల్లీలో లంక హైకమిషనరును పిలిపించి, మంత్రి నట్వర్ సింగ్ గారు ఆ మధ్యాహ్నమే సంగతి తెలియజేసినారు. అడ్డువస్తే ఊరుకోమని కూడా చెప్పినారు. అది అర్జీ కాదు, నోటీసు. ఆఫీసు కాగితాలతో పొద్దుపుచ్చే మావంటి వారికి ఆ రెంటికీ గల భేదం బాగా తెలుసు.

జారవిడిచిన సరకు సుమారు 25 టన్నులు. జాఫ్నా జనమో లక్షల్లో ఉన్నారు. పంచి చూస్తే తలకొక పిడికెడైనా రాదు. కాబట్టి అసలు బరువు మూటల్లో లేదు, వాటి పక్కన ఎగిరిన మిరాజుల్లో ఉన్నది. ఒక్క గుండైనా పేలలేదు. వాటికి ఎదురు నిలువగల విమానాలు లంక వద్ద లేవు. కొలంబో మాత్రం తన స్వాతంత్ర్యానికి భంగమని మండిపడింది.

1937లో స్పెయిన్ అంతర్యుద్ధంలో జర్మన్ విమానాలు గెర్నికా పట్నాన్ని బూడిద చేసినవి. దానితో దీనిని పోల్చడం అన్యాయమే. వారు వేసినవి బాంబులు, మనవారు వేసినది తిండి. అయినా పొరుగింటి తగవులోకి ఆకాశమార్గాన దిగినామన్న మాట కాదనలేము గదా!

దిగిన తరువాత ఆగడం మన చేతిలో లేకపోయింది. జూలై 29న రాజీవ్ గాంధీ, జయవర్ధనే ఒడంబడికపై సంతకాలు చేసినారు. వెంటనే మన శాంతిసేన వెళ్ళింది. అక్టోబరుకల్లా ఆ సేనకు పులులతోనే యుద్ధం వచ్చిపడింది. ఈసారి మన హెలికాప్టర్లు మోసుకెళ్ళినది సైనికులనూ తుపాకులనూ. 1990 మార్చిలో చివరి దళం తిరిగి వచ్చేసరికి వెయ్యిమందికి పైగా జవాన్లు అక్కడే ప్రాణాలు విడిచినారు. లంకలో యుద్ధం 2009 మే దాకా సాగింది.