మంచు దారిలో కారుకు దెబ్బ తగిలితే ఏం చేయాలి?

డిసెంబరు సెలవులు దగ్గరపడితే హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్ వైపు మన ఇళ్లలో మనాలి, గుల్మార్గ్ ప్రయాణాల మాట మొదలవుతుంది. కొందరు సొంత కారులోనే బయలుదేరతారు. కొందరు ఢిల్లీ దాకా రైల్లోనో విమానంలోనో వెళ్లి, అక్కడ కారు అద్దెకు తీసుకుంటారు. మంచు మీద బండి జారి గుద్దుకునే అవసరం మన ఊళ్లలో ఎప్పుడూ రాదు కాబట్టి, అలా జరిగితే ఏం చేయాలో మనలో చాలామందికి తెలియదు.

ఇక్కడ మంచు అంటే తెల్లవారుజామున పొలాల మీద కమ్మే పొగమంచు కాదు. రోడ్డు మీద పడి, రాత్రికి గడ్డకట్టి, గాజుపలకలా మారే మంచు. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్ వచ్చాక, మనాలి నుంచి లాహౌల్ వైపు చలికాలంలోనూ మామూలు కార్లు వెళ్తున్నాయి. సొరంగం లోపల రోడ్డు పొడిగా ఉంటుంది. బయటికి రాగానే నీడపట్టు మలుపులో కంటికి కనబడని మంచుపొర ఉండవచ్చు. బ్రేకు తొక్కినా బండి ఆగదు. వేగం పెద్దగా లేకపోయినా గోడకో ముందు బండికో తగులుతుంది.

అలా తగిలిన దెబ్బ చాలాసార్లు చిన్నదే. ఆ తర్వాత గంటలో చేసే రెండు పనులు దాన్ని పెద్ద ఖర్చుగా మారుస్తాయి. ఒకటి, "నడుస్తోంది కదా" అని దెబ్బతిన్న బండిని కొండ దింపడం. రెండు, ఎదుటివారికి రోడ్డు మీదే డబ్బిచ్చి రాజీ చేసుకోవడం. ఈ రెండూ చేయకూడదని మన దగ్గర ఉన్న బీమా పాలసీలోనే రాసి ఉంటుంది.

ముందు మనుషులు

బండి ఆగిన వెంటనే నాలుగు పక్కలా మెరిసే హెచ్చరిక లైట్లు వేయండి. మీరు జారిన చోటే వెనక వచ్చే బండి కూడా జారుతుంది. అందుకని రెండు బండ్ల మధ్య నిలబడి దెబ్బ చూసుకోవడం ప్రమాదం. పిల్లలను, పెద్దవారిని రోడ్డుకు దూరంగా, కొండచరియ కింద కాని చోట నిలబెట్టండి. ఎవరికైనా గాయమైతే 112కు ఫోన్ చేయండి. జమ్మూ కశ్మీర్‌లో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు. అక్కడికి వెళ్లేవారిలో ఒకరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ నంబరు ఉండాలి.

మంచు కురుస్తూ కారులోనే కూర్చోవలసి వస్తే, హీటర్ వేసే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ ఉన్న మంచు తీసేయండి. గొట్టం మూసుకుపోతే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కారులోకి వస్తుంది. దానికి రంగూ వాసనా లేవు. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీ కొండల్లో మంచులో చిక్కుకున్న కార్లలోనే ఇరవై మందికి పైగా చనిపోయారు. కొందరిని చలి చంపింది, కొందరిని ఈ వాయువు. ఇంజిన్ అదేపనిగా ఉంచకుండా కొద్దిసేపు వేసి ఆపండి. ఒక అద్దం కొంచెం దించి ఉంచండి.

బండి కదిపే ముందు

అపాయం లేదనుకుంటే బండిని కదపకముందే ఫోటోలు తీయండి. నంబరు ప్లేటు కనబడేలా నాలుగు వైపులా, దెబ్బ దగ్గరగా, రోడ్డు మీది మంచు, చక్రాలు జారిన గీతలు, పక్కనున్న కిలోమీటరు రాయి లేదా ఊరి బోర్డు. ఎండ వచ్చాక మంచు కరిగిపోతుంది. బండి ఎలా జారిందో చెప్పడానికి మీ దగ్గర మిగిలేది ఆ ఫోటోలే.

తర్వాత పాలసీ మీదున్న నంబరుకు ఫోన్ చేసి ప్రమాదం సంగతి చెప్పండి. క్లెయిమ్ నంబరు అడిగి రాసుకోండి. బండిని ఎక్కడికి తీసుకెళ్లమంటారో, సర్వేయర్ ఎక్కడ చూస్తారో కూడా అప్పుడే అడగండి. సర్వేయర్ చూడకముందు ఏ మెకానిక్‌నూ భాగాలు విప్పనివ్వవద్దు.

ఇక అసలు ప్రశ్న, బండిని నడపవచ్చా? నేటి కార్లలో ముందు బంపర్ ప్లాస్టిక్‌ది. తగిలాక వంగి మళ్లీ తన రూపానికి వస్తుంది, పైకి గీత మాత్రమే కనబడుతుంది. దాని వెనకే ఏసీ కండెన్సర్, రేడియేటర్ ఉంటాయి. కొన్ని కార్లలో ముందు బండిని పసిగట్టే సెన్సార్లూ అక్కడే ఉంటాయి. కారు కింద మంచు మీద ఆకుపచ్చగానో, ఎర్రగానో, గులాబీ రంగులోనో మరక కనబడితే అది కూలెంట్. చలిలో రేడియేటర్ కారుతున్నా వెంటనే ఆవిరి రాదు. పది పన్నెండు కిలోమీటర్లు దిగాక ఇంజిన్ వేడెక్కి పట్టేస్తుంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నా, స్టీరింగ్ నిటారుగా పట్టుకుంటే బండి పక్కకు లాగుతున్నా, చక్రం దేనికో రాసుకుంటున్నా నడపకూడదు.

సాధారణ కారు పాలసీలో ఒక షరతు ఉంటుంది. ప్రమాదం తర్వాత మరమ్మతు చేయించకుండా బండిని నడిపితే, దానివల్ల పెరిగిన నష్టం యజమానిదే. అంటే రేడియేటర్‌కు డబ్బు వస్తుంది, దాని లేమితో కాలిపోయిన ఇంజిన్‌కు రాదు. పదిహేను వేల పని లక్షన్నర అయ్యేది ఇలాగే. క్రేన్ పిలిపించడమే మేలు. మామూలు పాలసీ బండి లాక్కెళ్లడానికి ఇచ్చేది 1,500 రూపాయల వరకే. కొండల్లో ఆ సొమ్ము చాలదు. బయలుదేరే ముందే రోడ్డు సహాయం అనే అదనపు రక్షణ తీసుకుంటే ఈ బాధ తప్పుతుంది.

మన వైపు బండ్లకే ఉన్న ఇంకో చిక్కు ఉంది. ఎండ ఊళ్లలో కూలెంట్ తగ్గితే కుళాయి నీళ్లు పోసేస్తాం. ఆ నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టి, దాదాపు 9 శాతం ఉబ్బి, రేడియేటర్‌నూ ఇంజిన్‌నూ చీలుస్తుంది. గడ్డకట్టే చలి అన్నది పాలసీలోని ప్రమాదాల జాబితాలో ఉన్నా, ఇది యజమాని నిర్లక్ష్యమని కంపెనీ వాదించడానికి తావుంటుంది. బయలుదేరే ముందు వర్క్‌షాపులో కూలెంట్ మార్పించండి.

రోడ్డు మీద రాజీ వద్దు

ఎదుటి బండికి తగిలితే జనం గుమిగూడతారు, మాట పెరుగుతుంది, భాష రాదు. ఎంతో కొంత ఇచ్చి బయటపడదామనిపిస్తుంది. కానీ పాలసీలో ఇంకో షరతు కూడా ఉంటుంది. బీమా కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బు ఇస్తానని మాట ఇవ్వడం, ఇవ్వడం చేయకూడదు. చేస్తే మీ క్లెయిమ్‌కే చిక్కు. ముఖ్యంగా మీరు చదవలేని హిందీ కాగితం మీద సంతకం పెట్టవద్దు. బండి నంబరు, నడిపినవారి పేరు, ఫోన్, వారి పాలసీ వివరాలు ఇచ్చిపుచ్చుకుంటే చాలు. ఎదుటివారి ఆస్తి నష్టానికి థర్డ్ పార్టీ బీమా 7.5 లక్షల వరకు నిలబడుతుంది. మనిషికి గాయమైతే రాజీ మాటే లేదు. చికిత్సకు ఏర్పాటు చేయడం, పోలీసులకు తెలపడం, బీమా కంపెనీకి చెప్పడం మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవర్ బాధ్యత. ఎఫ్‌ఐఆర్ నమోదైతే ఫిర్యాదు ఇచ్చినవారికి దాని నకలు ఉచితంగా ఇవ్వాలి.

మీ దగ్గరున్నది ఏ పాలసీ?

థర్డ్ పార్టీ పాలసీ చట్టం అడిగేది. అది ఎదుటివారికే, మీ కారుకు పైసా రాదు. మీ కారు బాగుచేతకు ఓన్ డ్యామేజ్ భాగం ఉండాలి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు థర్డ్ పార్టీ బీమా మూడేళ్లకు ఒకేసారి తీసుకోవాలి. ఓన్ డ్యామేజ్ మాత్రం చాలామంది ఏడాదికే తీసుకుంటారు. "మూడేళ్లకు కట్టేశాం" అనుకుని రెండో ఏడాది దాన్ని వదిలేసినవారికి ప్రమాదం రోజునే ఆ సంగతి తెలుస్తుంది. కాగితంలో రెండు తేదీలూ చూసుకోండి.

అద్దె కారైతే నంబరు ప్లేటు చూడండి. మనమే నడుపుకునే అద్దె కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి. తెలిసినవారి వైట్ బోర్డు కారును డబ్బిచ్చి తీసుకెళ్తే, సొంత వాడకానికని తీసుకున్న ఆ పాలసీ అద్దె వాడకానికి వర్తించదు. బాగుచేత ఖర్చు మొత్తం మీ నెత్తిన పడుతుంది. నల్ల ప్లేటు కారుకైనా, దెబ్బ తగిలితే మీరు ఎంతవరకు కట్టాలో ఒప్పందంలో ముందే చదవండి.

ఎంత వస్తుంది?

మూడున్నరేళ్ల వయసున్న, 1,500 సీసీ లోపు కారుకు 65,000 బిల్లు అయిందనుకుందాం. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలు.

ప్లాస్టిక్ భాగాలు 20,000. వీటి మీద సగం తరుగు, 10,000 మీరే కట్టాలి.
బానెట్ వంటి రేకు భాగాలు 16,000. మూడు నుంచి నాలుగేళ్ల కారుకు 25 శాతం తరుగు, 4,000 మీది.
ముందు అద్దం 9,000. గాజుకు తరుగు లేదు.
కూలి 8,000. దీనికీ తరుగు లేదు.
పెయింటింగ్ 12,000. ఇందులో పావు వంతును సరుకు ఖర్చుగా లెక్కేసి దాని మీద సగం కోస్తారు, 1,500 మీది.
తప్పనిసరి కోత 1,000.

మొత్తం మీ జేబు నుంచి 16,500, కంపెనీ నుంచి 48,500. జీరో డిప్రిసియేషన్ రక్షణ ఉంటే తరుగు కోతలు ఉండవు. కూలెంట్, ఆయిల్, నట్లు, బోల్టుల ఖర్చుకు వేరే రక్షణ కావాలి. బాగుచేత ఖర్చు కారు బీమా విలువలో 75 శాతం దాటితే, కారు పూర్తిగా పోయినట్టే లెక్కకడతారు.

చిన్న దెబ్బకు క్లెయిమ్ పెట్టాలా?

ఒక్కసారి క్లెయిమ్ పెడితే నో క్లెయిమ్ బోనస్ సున్నాకు పడిపోతుంది. అది క్లెయిమ్ లేని ఏడాదులను బట్టి 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఏటా 10,000 అని, ఇప్పటికి మీకు 35 శాతం బోనస్ ఉందని అనుకోండి. క్లెయిమ్ లేకుంటే వచ్చే ఏడు 5,500 కట్టేవారు, క్లెయిమ్ పెడితే 10,000 కడతారు. అక్కడే 4,500 తేడా. తర్వాతి ఏళ్లలో 3,000, 2,500, 1,500, 500 చొప్పున, బోనస్ మళ్లీ 50 శాతానికి చేరేదాకా మొత్తం 12,000 ఎక్కువ కట్టినట్టు. కోతలన్నీ పోను చేతికి అంతకంటే తక్కువ వచ్చే దెబ్బకు సొంతంగా బాగుచేయించుకోవడమే లాభం. ముందు గ్యారేజీలో అంచనా రాయించుకుని, ఈ లెక్క వేసుకుని నిర్ణయించండి. ఎదుటివారికి నష్టమో గాయమో జరిగితే మాత్రం ఈ లెక్కతో పనిలేదు, కంపెనీకి చెప్పి తీరాలి.

కంపెనీ కాదంటే

క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతలో అడగండి. ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల విభాగానికే రాయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. అంబుడ్స్‌మన్ తీర్పుకు కంపెనీ కట్టుబడాలి.

ప్రమాదం హిమాచల్‌లో జరిగినా ఫిర్యాదుకు అక్కడికి పోనక్కరలేదు. మీరు ఉండే చోటును బట్టి వెళ్లవచ్చు. కర్ణాటక వారికి బెంగళూరు, తమిళనాడు వారికి చెన్నై, ఒడిశా వారికి భువనేశ్వర్. మహారాష్ట్రలో ఒకటికి మించి కార్యాలయాలున్నాయి, మీ జిల్లా దేని కిందికి వస్తుందో చూసుకోండి. యానాం పుదుచ్చేరిలో భాగమైనా దాని కార్యాలయం చెన్నై కాదు, హైదరాబాద్. యానాం వారు కాగితాలు హైదరాబాద్‌కే పంపాలి. ఫిర్యాదుతో పాటు పాలసీ నకలు, క్లెయిమ్ నంబరు, తిరస్కరణ లేఖ, గ్యారేజీ బిల్లులు, మంచు కరగకముందు తీసిన ఆ ఫోటోలు జత చేయండి.