స్థూలకాయమును మూత్రపిండములును

మూత్రపిండరోగమన్నంతనే మన రైతు సోదరులకు శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానమును, మన ఎన్.టి.ఆర్. జిల్లాలోని ఏ. కొండూరు మండలపు తండాలును జ్ఞాపకమునకు వచ్చును. ఆ చోటుల రోగులలో పెక్కురు ఎండలో కాయకష్టము చేసి బ్రదుకువారు; వారి రోగమునకు మూలము నీటిలో నున్నదా, మరియొకచోట నున్నదా యను విచారణ యింకను తెగలేదు. డెల్టా గ్రామములలో నిదే రోగము వేరొక త్రోవను, సద్దు లేకుండ ప్రవేశించుచున్నది. ఆ త్రోవ మన నడుము చుట్టుకొలతయే.

స్థూలకాయము బెజవాడ షావుకార్ల జబ్బని మనము చిరకాలము నవ్వుకొంటిమి. ఇప్పుడా నవ్వు చెల్లదు. ఊడ్పులు, కోతలు, కుప్పనూర్పులు ఒంటితో జేసిన దినములలో నిండుకంచపు అన్నము సాయంకాలమునకు అరిగిపోయెడిది. నేడు దున్నుటకు ట్రాక్టరు, కోతకు యంత్రము, చేను చూచివచ్చుటకు మోటారు సైకిలు. పని తగ్గినది గాని కంచము చిన్నది కాలేదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల వయసు స్త్రీలలో మూడవవంతునకు పైగా అధికపు బరువు గలవారని తేలినది. 2017వ సంవత్సరమున ప్రపంచ మూత్రపిండ దినమునకు స్థూలకాయమునే విషయముగా గైకొనిరి.

బరువునకును మూత్రపిండమునకును సంబంధమేమి? ఒక్కొక్క మూత్రపిండములో సుమారు పదిలక్షల సూక్ష్మమైన వడపోత గొట్టములు గలవు. రెండు పిండములును గలిసి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టి, దాదాపు అంతయు మరల రక్తమునకే చేర్చి, లీటరున్నర ప్రాంతము మూత్రముగా విడుచును. పుట్టిన పిమ్మట ఈ గొట్టములు క్రొత్తవి పుట్టవు. 60 కిలోల దేహమునకున్నవే 90 కిలోల దేహమునకును పనిచేయవలెను. ఆయకట్టును పెంచి తూమును పెంచకున్న నేమగునో కాలువ క్రింది రైతునకు మేము చెప్పనక్కరలేదు. ఒత్తిడికి వడపోత పొరలు సాగి, రక్తములో నిలువవలసిన ఆల్బుమిన్ అను మాంసకృత్తు మూత్రములోనికి కారును. కొన్ని గొట్టములు చెడగా మిగిలినవానిపై మోపు మరింత హెచ్చును.

ఇది యొక్కటియే కాదు. స్థూలకాయము వెంట మధుమేహమును, రక్తపుపోటును వచ్చును. మూత్రపిండములను చెరుపుటలో నీ రెంటికి మించినవి లేవు. ఇంకొకటి యెవరును లెక్కింపనిది గలదు. బరువునకు మోకాళ్లు నొచ్చును. నొప్పికి మందుల దుకాణములో బిళ్లలు కొని నెలల తరబడి మ్రింగుదురు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి యా బిళ్లలే మూత్రపిండములకు రక్తపు ప్రవాహమును తగ్గించి వానిని చెరుపగలవు. ఊరి వైద్యుడిచ్చెను గదా యని ఊరకుండుట తగదు.

ఈ రోగము నొప్పి లేకుండ ముదురును. పాదములు వాచి, ఆయాసము వచ్చువేళకు చాల భాగము చెడియుండును. పిమ్మట డయాలిసిస్ తప్పకున్నచో సామాన్యముగా వారమునకు మూడుసార్లు, ఒక్కొక్కసారి నాలుగు గంటలు యంత్రము చెంత నుండవలెను. అట్టి వాడు నారుమడి యెప్పుడు చూచుకొనును, నీటి వంతు నెప్పుడు కాచుకొనును?

బొడ్డు సమీపమున టేపు చుట్టి చూచుకొనుడు. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో జాగ్రత్తపడవలెను. బరువులో పదవవంతు తగ్గినను మూత్రములో మాంసకృత్తు కారుట తగ్గును. రాత్రి అన్నము సగము చేసి, చేనికి నడచి పోవుట మొదటి పని. ఉప్పు దినమునకు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పును. ఆవకాయ ప్రియులమైన మనకిది కష్టమైన మాటయే. స్థూలకాయులును, మధుమేహము గాని పోటు గాని గలవారును ఏడాదికొకమారు మూత్రములో ఆల్బుమిన్, రక్తములో క్రియాటినిన్ పరీక్ష చేయించుకొనవలెను. క్రియాటినిన్ బాగున్నదని మూత్రపరీక్షను మానరాదు. పిండము చాలవరకు చెడువరకు క్రియాటినిన్ కదలకపోవచ్చును. మూత్రపరీక్షకు ఉదయము పట్టిన చిన్న సీసాడు చాలును.