పిట్ట కొంచెం, కూత ఘనం

అమెరికా సంయుక్త రాష్ట్రాలు యాభైలోను మిక్కిలి చిన్నది రోడ్ ఐలండు. నీటి భాగం తీసివేస్తే దాని నేల సుమారు 1,034 చదరపు మైళ్ళు. మన గోవా కంటే కూడా తక్కువే. 2020 లెక్కల ప్రకారం జనం సుమారు 11 లక్షలు. ఇంత చిన్న రాష్ట్రానికి ఎన్ని పేర్లున్నవో పాఠకులకు చెప్పదలచాము.

‘ఐలండు’ అంటే ద్వీపం గదా! కాని రాష్ట్రంలో చాలా భాగం ద్వీపం కాదు. న్యూపోర్టు పట్టణమున్న దీవి పేరే మొత్తానికి వచ్చింది. నారగాన్‌సెట్ అఖాతం లోపలికి చొచ్చుకొని రావడం వల్ల తీరం 400 మైళ్ళకు పైగా వున్నది. అందుకే ‘సముద్ర రాష్ట్రం’ అన్న బిరుదు. ముద్దు పేరు ‘లిటిల్ రోడీ’.

మతాభిప్రాయాల కారణంగా మసాచుసెట్స్ నుండి వెళ్ళగొట్టబడిన రోజర్ విలియమ్స్ 1636లో అక్కడి ఆదివాసి నాయకుల వద్ద భూమి పొంది ప్రావిడెన్స్ నగరం స్థాపించాడు. నేటికీ అదే రాజధాని. ఎవరి మతం వారిది, ప్రభుత్వానికి అందులో జోక్యం లేదన్నాడు. ఆ స్వేచ్ఛను 1663లో ఇంగ్లండు రాజు శాసనపత్రం కూడా అంగీకరించింది.

1787లో రాజ్యాంగం వ్రాయడానికి ఫిలడెల్ఫియాలో జరిగిన సభకు ప్రతినిధులను పంపని రాష్ట్రం ఇదొక్కటే. ఋణగ్రస్తులైన రైతుల కోసం కాగితపు డబ్బు అచ్చువేయడం కూడా ఇరుగుపొరుగు వారికి కంటగింపైంది. కోపంతో ‘రోగ్ ఐలండు’, అనగా పోకిరీల దీవి, అని తిట్టారు. చివరకు 1790లో 34–32 వోట్లతో రాజ్యాంగాన్ని ఆమోదించింది. మొదటి పదమూడు రాష్ట్రాలలో ఇదే ఆఖరిది.

ఇంత స్వేచ్ఛాప్రియులకు ఒక మచ్చ కూడా వున్నది. పద్దెనిమిదవ శతాబ్దంలో ఆఫ్రికా వారిని బానిసలుగా తెచ్చి అమ్మే ఓడలు న్యూపోర్టు నుండి విరివిగా బయలుదేరేవి. రాష్ట్రం పూర్తి పేరు చివర ‘ప్రావిడెన్స్ ప్లాంటేషన్స్’ అని వుండేది. ఆ మాటకు మొదట వలస గ్రామాలనే అర్థమైనా, తరువాతి వారికి అది బానిసల తోటలనే గుర్తుకు తెచ్చింది. దానిని తొలగించుటకు 2010లో ప్రజలు ఒప్పుకోలేదు. 2020లో ఒప్పుకొన్నారు.

పరులు పెట్టిన తిట్టుపేరు కాలక్రమాన దానంతట అదే పోయింది. తమ పేరులోని ముల్లును మాత్రం తామే తీసుకోవలసి వచ్చింది. దానితో పాత పాపం తీరిపోదు. కాని దానిని దాచిపెట్టకుండా వోటుకు పెట్టిన ఆ చిన్న రాష్ట్రం మాకు పెద్దదిగానే కనబడుతున్నది.