ఇంటి ప్రింటరుపై నలుపు తెలుపు ఛాయాచిత్రములు

గడచిన విద్యాసంవత్సరమున మన పాఠశాలలోని చిన్న తరగతుల పిల్లలు తమ తమ యిండ్లనుండి తాతముత్తాతల ఛాయాచిత్రములను తెచ్చి తరగతి గోడకు అంటించిరి. బ్రూక్‌ఫీల్డులోను, సమీపమందలి కుందలహళ్ళి, ఏ.ఇ.సి.ఎస్. లేఔటు ప్రాంతములలోను కాపురమున్న మన తెలుగు కుటుంబములలో పెక్కింటికి ఆ పెద్దలు నెల్లూరులోనో, అనంతపురములోనో, గుంటూరులోనో గోడమీది పటములైయున్నవారే. పిల్లలు తెచ్చినవి ఆ పటములకు సెల్‌ఫోనుతో తీసిన నకళ్ళు. ముందునాటి రాత్రి ఇంటి ప్రింటరుపై హడావిడిగా అచ్చొత్తినవి. వరుసగా చూచుచు పోగా ఒక తాతగారు ఆకుపచ్చగా నుండిరి. ఆయన ప్రక్కనున్న అమ్మమ్మగారు గులాబిరంగు దాల్చిరి. మూడవ పటమున తలపాగాయు, మీసములును, కోటును కలిసి ఒకే నల్లని మరక అయిపోయెను. “వాళ్ళ తాతయ్య ఆకుపచ్చగా ఉండేవారా?” అని ఒక చిన్నారి అడుగగా పెద్దలము నవ్వితిమేగాని బదులు చెప్పలేకపోతిమి.

ఆ గులాబిరంగు అమ్మమ్మగారు మా అమ్మమ్మయే. 1958లో మదనపల్లెలోని ఒక స్టూడియోలో తీయించిన ఆ చిత్రము రెండంగుళముల వెడల్పు, మూడంగుళముల పొడవు గలది. ఆమెకు సంబంధించి మాకున్నది అదొక్కటే. తరువాత పెక్కు ఆదివారములు, కొంత సిరా, ఓర్పు వ్యయపరచి ఈ దోషములకు కారణములను తెలిసికొంటిని. అవి తోటి తల్లిదండ్రులకు ఉపకరింపవచ్చునని ఇచట వ్రాయుచున్నాను.

మొదట తెలియవలసినదేమనగా, పాత ఛాయాచిత్రములోని నలుపు వేరు, ప్రింటరులోని నలుపు వేరు. ఆ కాలపు ఫోటో కాగితముమీద జిలాటిన్ పొరలో అతిసూక్ష్మమైన వెండి రేణువులు ఉండును. అవి దట్టముగా నున్నచోట నలుపు, పలుచబడినకొలది బూడిదరంగు చాయలు, లేనిచోట తెలుపు. తెలుపునకును నలుపునకును నడుమ ఎన్ని మెట్లు ఉండగలవో చూడగోరువారు 1957నాటి ‘మాయాబజార్’ను, 2010లో వచ్చిన రంగుల ప్రతిలో గాక, మొదటి ప్రతిలో చూడవలెను. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే ఆ వెన్నెల నౌకావిహారమునంతటిని బూడిదరంగు మెట్లతోనే చూపించెను.

ఇంకుజెట్ ప్రింటరు వద్ద అట్టి మెట్లు లేవు. సామాన్యముగా మన యిండ్లలో నుండు యంత్రమునకు నాలుగే సిరాలు: నలుపు, సయాన్ అను నీలము, మెజెంటా అను ఎరుపు, పసుపు. ఆ యంత్రము సిరాను పూయదు. వెండ్రుకకంటె సన్నని రంధ్రములగుండ బిందువులుగా చల్లును. ఒక్కొక్క బిందువు మూడు పీకోలీటర్లకు అటునిటుగా నుండును. పీకోలీటరనగా లీటరులో లక్షకోట్లవ వంతు. ఈ బిందువులతో బూడిదరంగును పుట్టించుటకు యంత్రమునకు రెండే త్రోవలు. మొదటిది, నల్లని చుక్కలను ఎడమెడముగా పెట్టుట. చుక్కలముగ్గును మేడపైనుండి చూచినపుడు నేల తెల్లబడినట్లు తోచును గదా. ఇదియు నట్టి కనుకట్టే. కాని ముఖముమీది లేత వెలుగుచోట్ల ఆ నల్లచుక్కలు చెదరి మిరియపుపొడి చల్లినట్లు కానవచ్చును. రెండవ త్రోవ, మూడు రంగులను తగుపాళ్ళలో కలుపుట. చిత్రము నునుపుగా వచ్చును గాని, పాలు రవ్వంత తప్పినను ఎరుపో పచ్చయో తల యెత్తును. తాతగారు ఆకుపచ్చనగుట ఇందువలననే.

ఇక్కడనే మరియొక చిక్కు కలదు. దీనినెరుగక నేను చాల కాగితము పాడుచేసితిని. కొన్ని ప్రింటర్లలో నల్లసిరా పిగ్మెంటు జాతిది. అనగా రంగుపొడి ద్రవములో తేలుచుండును. రంగుల సిరాలు డై జాతివి. అనగా రంగు ద్రవములో పూర్తిగా కరిగియుండును. పిగ్మెంటు నలుపు మామూలు కాగితముమీద అక్షరములకు శ్రేష్ఠము. నిగనిగలాడు ఫోటో కాగితమున నది ఇంకక పైననే నిలిచి, వ్రేలు తగిలినచో అలుకుకొనిపోవును. కావున కాగితపురకము ‘గ్లాసీ’ అని మనము ఎంచుకొన్న వెంటనే అట్టి యంత్రము నల్లసిరాను పూర్తిగా మానివేసి, నలుపును సైతము మూడు రంగులతోనే పుట్టించును. నల్లసిరా తొట్టి నిండుగా నున్నదిగదా, నలుపు ఏల ఊదాగా వచ్చెనని మనము ఆశ్చర్యపడుదుము.

ఇట్లని కాగితపురకమును అబద్ధముగా చెప్పరాదు. ఏ కాగితము ఎంత సిరాను పీల్చునో, బిందువు ఎంత వ్యాపించునో లెక్కగట్టియే తయారీదారు రంగుల పాళ్ళను నిర్ణయించును. ప్రింటరు సంస్థవారి కాగితమునే కొన్నచో ఆ లెక్క సరిపోవును. నేను మొదట వాడినది స్టేషనరీ దుకాణములో కొన్న పేరులేని కాగితము. యంత్రమునకు చెప్పినది వేరొక రకము. అమ్మమ్మగారి చెక్కిళ్ళు ఎరుపెక్కినది అందువలననే. మరియు ఫోనునుండి అచ్చొత్తుటకంటె కంప్యూటరునుండి అచ్చొత్తుట మేలు. ఫోను త్రోవలో ఈ యెంపికలు పెక్కు కానరావు.

క్రొత్త యంత్రమును కొనదలచినవారికి ఒక మాట. ఆరు సిరాల ప్రింటర్లు రెండు విధములు. కొన్నింట అదనపు సిరాలు లేత సయాన్, లేత మెజెంటా. మరికొన్నింట బూడిదరంగు సిరాయే ప్రత్యేకముగా నుండును. రంగుచిత్రములకు రెండును మంచివే గాని, నలుపు తెలుపులకు రెండవదియే తగినది; ఏలననగా దానికి బూడిదరంగును మూడు రంగులనుండి అప్పు తెచ్చుకొను అవసరము తగ్గును. నలుపు, బూడిద, లేతబూడిద సిరాలు మూడును గల పెద్ద యంత్రములు 2005 ప్రాంతమునుండి వచ్చుచున్నవి. అవి వృత్తిచేయువారికి గాని, ఏడాదికి పది చిత్రములు అచ్చొత్తు గృహస్థునకు కావు. అట్టివారు కుందలహళ్ళిలో మెట్రో ఎక్కి మహాత్మాగాంధీ రోడ్డులో దిగి, మంచి స్టూడియోలో ముద్రింపించుకొనుటయే లాభము. అందులో చిన్నతనమేమియు లేదు.

ఇంటనే చేయదలచినవారు మూలచిత్రమునుండి ప్రారంభింపవలెను. ఫోనుతో తీసిన నకలుపై దీపపు తళుకు పడును, అంచులు వంకరపోవును. పిమ్మట వాట్సాప్‌లో ఫోటోగా పంపగా అందలి వివరము మరింత క్షీణించును. మన ప్రింటర్లలో పెక్కింటికి మూతక్రిందనే స్కానరు కలదన్న సంగతిని మరచిపోవుచున్నాము. రెండు, మూడు అంగుళముల చిత్రమును అంగుళమునకు 600 చుక్కల చొప్పున స్కాను చేసినచో 1200, 1800 చుక్కలు లభించును. అంగుళమునకు 300 చొప్పున అది నాలుగు, ఆరు అంగుళముల ముద్రణకు సరిగా సరిపోవును. చిత్రము నలుపు తెలుపులదైనను రంగులలోనే స్కాను చేయవలెను. గింప్ అను ఉచిత సాఫ్ట్‌వేరులో దానిని ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు భాగములుగా విడదీయవచ్చును. కాగితముపై పసుపు మరకలున్నచో ఎరుపు భాగమును మాత్రము గ్రహింపుడు. మరక చాలవరకు మాయమగును. అట్లుగాక బొమ్మయే వెలిసి పసుపుబారియున్నచో నీలిభాగమును గ్రహింపుడు. అందు బొమ్మ గట్టిగా కనబడును. పటము అద్దమునకు అంటుకొనిపోయినచో మాత్రము ఎంతమాత్రమును లాగరాదు. జిలాటిన్ పొర అద్దముతోపాటు ఊడివచ్చును. అద్దముమీదుగనే ఫోటో తీసికొనుడు.

తలపాగాయు మీసములును మరకయగుటకు కారణము తరచుగా కంప్యూటరు తెరయే. తెర తనంతట తాను వెలుగునది. కాగితము గదిలోని వెలుగును తిప్పి పంపునదిమాత్రమే. తెరను పూర్తి ప్రకాశముతో నుంచి సరిచేసిన చిత్రము కాగితముమీద చీకటియగును. తెల్లకాగితమును తెర ప్రక్కన పట్టుకొని, రెండును సమముగా తోచువరకు తెర వెలుగును తగ్గింపవలెను. పిమ్మట ఒక చిన్న పరీక్ష. సున్న నలుపు, 255 తెలుపు అనుకొని, సున్న, 10, 20, 30 ఇట్లు వరుసగా గడులు గీచి, వాడబోవు కాగితముమీదనే అచ్చొత్తుడు. మా యంత్రమున మొదటి నాలుగు గడులును ఒక్కటే నలుపుగా వచ్చినవి. అనగా 30కి లోబడిన వివరమంతయు మా కాగితముపై నశించునన్నమాట. అందుచేత అమ్మమ్మగారి కొప్పులోని చీకటిచాయలను 35కు పైకి తెచ్చితిని. వెంటనే పూలదండ కానవచ్చెను. ఆమె తలలో పూలు పెట్టుకొన్నదని మా తల్లిగారికి సైతము అంతవరకు తెలియదు.

ఇక పాళ్ళు తప్పుట. నాలుగు సిరాల యంత్రముతో శుద్ధమైన బూడిదరంగు లభించుట దుర్లభము. లభించినను పగటివెలుగున శుద్ధముగా నున్నది రాత్రి ఎల్.ఇ.డి. దీపముక్రింద పచ్చగా తోచును. దీనికి నేను ఆచరించిన ఉపాయము చిత్రమంతటికి కొద్దిగా గోధుమచాయ నిచ్చుట. సమానముగా పరచుకొన్న చాయను కన్ను దోషముగా నెంచదు; అక్కడక్కడ మారుచుండు చాయనే దోషమనును. ఇది మోసము కాదు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన లాలా దీన్‌దయాళ్‌గారి నాటి ముద్రణములను చూచినవారు ఎరుగుదురు. అవి బొగ్గువలె నల్లనివి కావు, వెచ్చని గోధుమవర్ణము గలవి. అయితే చిటికెడు చాలును. ఎక్కువైనచో పెండ్లిపత్రికలమీది కృత్రిమపు పాతదనము వచ్చును. అది నాకు రుచింపదు.

అచ్చొత్తిన వెంటనే చిత్రమును పరీక్షింపరాదు. సిరా ఆరుచుండగా చాయలు మారును. ఒక దినము తెరచియుంచి, మరునాడు ఉదయము కిటికీవద్దను, రాత్రి అది వ్రేలాడబోవు గోడదీపము క్రిందను చూడవలెను. తడి పూర్తిగా పోకమునుపే పటము కట్టించినచో అద్దములోపల పొగ క్రమ్మినట్లగును. అద్దమునకును చిత్రమునకును నడుమ అట్టచట్రము పెట్టి కొంచెము ఎడము విడువవలెను. మన బెంగుళూరులో ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వరకు గాలి పొడిగా నుండును. వాడని యంత్రపు రంధ్రములలో సిరా ఎండిపోవును. వారమునకొకసారి ఒక చిన్న రంగుచిత్రమును అచ్చొత్తుచుండినచో ఆ బాధ తప్పును. ఒక రంధ్రము మూసికొన్నను రంగుల పాళ్ళు తప్పి గీతలు పడును గావున, మంచి కాగితము పెట్టుటకు ముందు నాజిల్ పరీక్ష చేయుట మరువకుడు.

మన్నికను గూర్చి నిజము చెప్పవలెను. డై సిరాల ముద్రణ గాలిలోని ఓజోనునకును, ఎండకును ఓర్వలేదు. 2000 ప్రాంతమున విదేశములలో ఒక రకపు కాగితముపై అచ్చొత్తిన చిత్రములు కొలది వారములలోనే నారింజరంగునకు తిరిగి పెద్ద అలజడి కలిగించినవి. అటుపిమ్మట సిరాలు మెరుగుపడినవి గాని, పడమటి యెండ తగులు గోడమీద, అద్దము లేక వ్రేలాడదీసిన చిత్రము ఈనాటికిని కొలది సంవత్సరములలో వెలియును. కాగా 1958నాటి మా వెండిబొమ్మ అంచులలో కొంచెము మెరుగుపట్టినదేగాని ముఖము చెక్కుచెదరలేదు. క్రొత్తముద్రణ నిగనిగలాడుచున్నదని పాతదానిని పారవేసినవారిని నేనెరుగుదును. అంతకంటె నష్టము లేదు. మూలచిత్రమును ఆమ్లము లేని కాగితపు కవరులో ఉంచి, చెమ్మ తగులని బీరువాలో భద్రపరచుడు. గోడకు ముద్రణ చాలును. అది వెలిసినప్పుడు మరియొకటి తీయవచ్చును.

కడపట పేర్ల సంగతి. ప్లాస్టిక్ పూత గల ఫోటో కాగితపు వెనుకప్రక్క పెన్సిలు సరిగా అంటదు, బాల్‌పెన్ను గుర్తు ముందుకు పొంగును. అందువలన చిత్రముక్రింద తెల్లని అంచు విడిచి, పెద్దల పేరు, ఊరు, సంవత్సరము, బిడ్డకు వారేమగుదురో పిల్లలచేతనే తెల్లకాగితముపై తెలుగులో వ్రాయించి, దానినిగూడ స్కాను చేసి ఆ యంచులో చేర్చినచో బొమ్మతోపాటు నిలుచును. మా అమ్మాయి తాతమ్మ పేరును రెండుమార్లు వ్రాయవలసివచ్చెను. మొదటిమారు ళకారమునకు బదులు లకారము వ్రాసెను. ఆ రెండవ కాగితమే ఇప్పుడు మా పటముక్రింద నున్నది.