ఒంగోలు గిత్త ఏ గడ్డి తిన్నది?

ఒంగోలు గిత్త పేరు వినని తెలుగువాళ్ళు ఉండరు. బ్రెజిల్ కూడా ఈ పశువుల్ని తీసుకెళ్ళి పెంచుకుంది, అక్కడ ఆ సంతతిని ‘నెలోర్’ అంటారు. మరి మన దగ్గర ఆ గిత్త తరతరాలుగా ఏ గడ్డి తిని పెరిగింది? మా క్లాసులో అడిగితే ఒక్కరూ చెప్పలేదు. జవాబు అద్దంకి దగ్గర బీడులో గొర్రెలు కాసుకునే తాత చెప్పాడు: “చెంగలి గడ్డి నాయనా. ఎండితే ఎర్రబారుద్ది. ఇప్పుడు యాడో ఒక చోటే కనపడుద్ది.”

అమెరికాలో స్థానిక మొక్కల సంఘాలు శని, ఆదివారాల్లో జనాన్ని ప్రెయిరీలకీ చిత్తడి నేలలకీ తీసుకెళ్తాయి. ప్రెయిరీ అంటే చెట్లు తక్కువగా, గడ్డి ఎక్కువగా ఉండే మైదానం. మనకి ఆ పేరు లేదు కానీ అలాంటి నేల ఉంది. బీడు, మేత పోరంబోకు, గుండ్లకమ్మ ఒడ్డు, ఊరి చెరువు. మేం ఐదుగురం స్నేహితులం ఒక ఆదివారం అవన్నీ చూడ్డానికే వెళ్ళాం.

ముందు ఒక డౌటు తీర్చుకోవాలి. బయటి నుంచి వచ్చిన మొక్కలన్నీ చెడ్డవేనా? కాదు. మన మిరపే అమెరికా ఖండాల మొక్క, పోర్చుగీసు వాళ్ళతో ఇక్కడికి వచ్చింది. ఇప్పుడు పొలాల్లో ఉన్న బీటీ పత్తి కూడా అమెరికా జాతే. కానీ మిరపకి నారు పోయాలి, నీళ్ళు పెట్టాలి, మందు కొట్టాలి. రైతు వదిలేస్తే బతకదు. సర్కారు తుమ్మ అలా కాదు. అది కూడా అమెరికా వైపు నుంచే, 19వ శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. దాని తియ్యటి కాయల్ని పశువులు ఇష్టంగా తింటాయి. గింజలు అరక్కుండా పేడతో బయటపడి మొలుస్తాయి. కొన్నేళ్ళకి బీడంతా ముళ్ళ పొదే. గడ్డికి ఎండ కావాలి, ఆ పొద కింద ఎండ ఉండదు. అంటే పశువు తన మేతని చంపే చెట్టుని తానే నాటుతోందన్నమాట!

చెరువులోనూ ఇదే కథ. కలువ, తామర ఆకులు నీటి మీద తేలతాయి, వేర్లు మాత్రం అడుగున బురదలో ఉంటాయి. గట్టు వెంట జమ్ము, తుంగ పెరుగుతాయి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపు డెక్కకి బురదతో పని లేదు. అది తేలుతూనే పిలకలు వేసి నీళ్ళని మూసేస్తుంది. వెలుతురు లోపలికి పోదు, ఆక్సిజన్ తగ్గుతుంది, చేపలకి ఊపిరాడదు.

మరి స్థానిక మొక్కల్ని గుర్తుపట్టడం ఎలా? మీ ఇంట్లోనే ఒక లిస్టు ఉంది. వినాయక చవితి పత్రి. గరిక, ఉత్తరేణి, వాకుడు, విష్ణుక్రాంతం, వావిలి, జమ్మి, జిల్లేడు ఈ బీళ్ళలో, గట్ల మీద దొరికేవే. అయితే 21 పత్రాలూ ఇక్కడివి కావు. దానిమ్మ పర్షియా వైపు నుంచి వచ్చింది, దేవదారు హిమాలయాల చెట్టు.

ఫోన్‌లో ఐనాచురలిస్ట్ యాప్ ఉంటే ఫోటో తీస్తే పేరు సూచిస్తుంది. కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి తెలిసిన విషయమే, ట్రైనింగ్ డేటాలో ఫోటోలు లేని మొక్కని ఏ మోడలూ గుర్తుపట్టలేదు. అందంగా పూసే తంగేడుని ఎవరైనా ఫోటో తీస్తారు, గడ్డిపరకని ఎవరు తీస్తారు? అందుకే గడ్డిని వెన్నుతో సహా దగ్గరగా తీయండి. పక్కనే ఊళ్ళోవాళ్ళు పిలిచే పేరు రాయండి. ఇది కొత్త పద్ధతేం కాదు. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కూడా మొక్కల తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. ‘సోమిద’ అనే మన పేరు ‘సోయ్‌మిడా’గా ప్రపంచ వృక్షశాస్త్రంలోకి ఎక్కింది.

పేర్లు తెలిస్తే ఏం లాభం అంటారా? కేంద్రం వేసే బంజరు భూముల అట్లాస్‌లో పొదలున్న నేలలు, పాడైన మేత భూములు కూడా ‘వేస్ట్‌ల్యాండ్’ లెక్కలోకే వస్తాయి. పనికిరాని నేల అన్న ముద్ర పడ్డాక దాన్ని ఆక్రమించినా, పూడ్చినా, ప్లాట్లు వేసినా అడిగేవాళ్ళు తక్కువ. ఊరి చెరువులు, ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. కానీ అక్కడ ఏముందో చెప్పగలిగితేనే ఎవరైనా వాదించగలరు. ఆ తాతకి సొంత పొలం లేదు. ఆ బీడు పోతే ఆయన మంద అమ్ముకోవాల్సిందే.

మీరూ వెళ్ళండి. వానలు తగ్గాక, నవంబరు, డిసెంబరుల్లో గడ్డి వెన్ను వేసి ఉన్నప్పుడు పొద్దున్నే బయల్దేరండి. మొక్కలు పీక్కండి. నీళ్ళ బాటిల్, నోట్‌బుక్, గట్టి చెప్పులు చాలు. ఆ ఊళ్ళో గొడ్లు కాసిన పెద్దాయనో పెద్దామో ఒకరు మీతో ఉండేలా చూసుకోండి. యాప్‌కి తెలియని పేర్లు వాళ్ళకి తెలుసు.