ఆదేశపంక్తి పరికరముల వివరణపత్రములు: సూత్రము, వృత్తి

కంప్యూటరునకు ఆదేశమును అక్షరములలో టైపుచేసి పని చెప్పు పరికరములు పెక్కు గలవు. వేలకొలది పుటల పాఠములో ఒక పదము ఎచ్చటెచ్చట ప్రయుక్తమైనదో వెదకుటకు భాషాపరిశోధకులును వీనిని ఆశ్రయించుచున్నారు. కాని వాని వివరణపత్రములు సులభముగ బోధపడవు. ఆంగ్లభాషయే దీనికి కారణమని సామాన్యాభిప్రాయము. ఆ రచన సూత్రప్రాయమగుటయే ముఖ్యకారణము.

యూనిక్స్ కరదీపిక తొలికూర్పు 1971 నవంబరులో బెల్ ప్రయోగశాలలో వెలువడినది. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు దాని కర్తలు. పేరు, రూపసంగ్రహము, వివరణము, లోపములు అను నాటి విభాగక్రమము నేటికిని చాలవఱకు నిలిచియున్నది. తెలిసినవాడు మఱచినదానిని జ్ఞప్తికి దెచ్చుకొనుటకు అది మిక్కిలి ఉపకరించును. క్రొత్తగా నేర్చువానికి అంతగా ఉపకరింపదు.

'గ్రెప్' అను వెదకు పరికరమును ఉదాహరణముగ గైకొందము. దాని రూపసంగ్రహమును తెలిగించినచో ఇట్లుండును:

గ్రెప్ [ఎంపిక...] నమూనా [ఫైలు...]

ఇందు చదరపు కుండలీకరణము వైకల్పికమును, మూడు చుక్కలు ఆవృత్తిని తెలుపును. ఇవి సంజ్ఞలే గాని టైపు చేయవలసినవి కావు. ఫైలు పేరు వైకల్పికమని దానిని విడిచినచో, పరికరము మీటలపై టైపు చేయబోవు పాఠమునకై మౌనముగ వేచియుండును. యంత్రము నిలిచిపోయినదని పాఠకుడు భ్రమపడును. నక్షత్రపు గుర్తు ఇంకను చిక్కైనది. నమూనాలో అది తనకు ముందున్న వర్ణము ఎన్ని మాఱులైనను రావచ్చుననియు, అసలే రాకపోవచ్చుననియు చెప్పును. ఫైలు పేరులో మాత్రము ఆ స్థానమున ఏ అక్షరములైనను ఉండవచ్చునని దాని యర్థము. ఈ రెండవ యర్థము గ్రెప్‌ది కాదు. ఆదేశమును ముందుగ చదువు 'షెల్' అను వేఱొక పరికరముది. దాని వివరణము వేఱొక పత్రమున నుండును. అనువృత్తి నెఱుగక పాణినిసూత్రమును విడిగా చదువువాని స్థితియు నిట్టిదే.

మన శాస్త్రకారులు ఈ క్లేశమును ఎఱుగనివారు కారు. సుమారు 4,000 సూత్రముల అష్టాధ్యాయికి కాశికావంటి వృత్తులు పుట్టినవి. చిన్నయసూరి బాలవ్యాకరణమున సూత్రముల వెంట వృత్తిని, ఉదాహరణములను చేర్చెను. ఆదేశపంక్తి పరికరములకును 2013లో 'టీఎల్‌డీఆర్' పుటలు మొదలైనవి. అవి ఉదాహరణములనే ప్రధానముగ నిచ్చుచున్నవి. అయినను ఉదాహరణమాత్రమున పరిభాష పట్టుపడదు.

కావున ఈ పత్రములను భారతీయభాషలలోనికి అనువదించినంతనే మన పని తీరదు. సూత్రము తెలుగైనను సూత్రమే. పరిభాష, ఉదాహరణములతో పాటు, ఎట్లు వ్రాసినచో ఆదేశము చెడునో చూపు ప్రత్యుదాహరణమును చేర్చిన వృత్తి కావలెను. వ్యాఖ్యానవిద్యను తరతరములుగ బోధించిన మన భాషాశాఖలు అట్టి వృత్తిరచనకు పూనుకొనుట సముచితము.