కాపురం మారుతున్నప్పుడు నగల మాట



ఇంట్లో ఎవరికో ఒకరికి మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగం అవుతుంది. రాజమండ్రి, విజయవాడ, వరంగల్, కరీంనగర్ ఏదైనా కానివ్వండి, ఇన్నేళ్ళుగా వేళ్ళూనుకున్న కాపురాన్ని మూటగట్టుకుని హైదరాబాదు పడమటి కొసకు రావలసి వస్తుంది. బీరువా, మంచాలు, గ్రైండరు వగైరాల గురించి ఇంటిల్లిపాదీ చర్చిస్తారు. నగల సంగతి మాత్రం ఎవరూ పైకి ఎత్తరు. అది ఇల్లాలు ఒక్కతీ రాత్రిపూట ఆలోచించుకునే విషయమైపోతుంది. వెంట తీసుకువెళ్ళాలా? అమ్మ దగ్గర వదలాలా? అత్తగారి బీరువాలో పెట్టి రావాలా? ఈవేళ ఆ సంగతే కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం.

1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయిగారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత చూస్తూండగానే కొండాపూర్, నానక్‌రాంగూడ, మణికొండ దాకా అపార్ట్‌మెంట్లు లేచాయి. 2019 మార్చిలో మెట్రో రైలు హైటెక్ సిటీకి చేరింది. అన్ని రాష్ట్రాల నుంచీ వచ్చినవాళ్ళు ఉండే చోటు కాబట్టి కట్టూబొట్టూ అంతా తేలికే. చెవులకు చిన్న దిద్దులు, చేతికి గడియారం, మెడలో ఆఫీసు గుర్తింపు కార్డు తాడు. అలంకారం అంతటితో సరి. పక్కవీధి పేరంటానికైనా రెండుపేటల గొలుసు లేనిదే గడప దాటని మనకు ఇక్కడ మొదట్లో ఇబ్బందే. వేసుకుంటే, "పెళ్ళికా ఆంటీ?" అని లిఫ్టులో పిల్లలు అడుగుతారు. వేసుకోకపోతే, ఊరినుంచి వచ్చిన మేనత్త "అదేమిటే, మెడ బోసిగా!" అంటుంది.

ఈ ఇద్దరి మాటనుబట్టీ నిర్ణయం చెయ్యకండి. లిఫ్టులో పిల్ల అడిగిందని నగలన్నీ ఊళ్ళో వదిలేయడమూ తొందరపాటే, మేనత్త అన్నదని అన్నీ మోసుకురావడమూ తొందరపాటే. నగ విషయంలో చూసుకోవలసినవి రెండే. మనం వేసుకునే చోటికి అది దగ్గరగా ఉండాలి. దాని తాళంచెవి, దాని లెక్క మన చేతిలో ఉండాలి.

ముందుగా ఒక మధ్యాహ్నం తలుపు వేసుకుని నగలన్నీ దుప్పటిమీద పరచండి. గత రెండేళ్ళలో దేన్ని ఎన్నిసార్లు వేసుకున్నారో గుర్తు తెచ్చుకోండి. గుర్తు రాకపోతే పెళ్ళిళ్ళ ఫొటోలు చెబుతాయి. మూడు వాటాలుగా విడిపోతాయి చూడండి. మంగళసూత్రం, నల్లపూసలు, దిద్దులు, రెండు జతల గాజులు ఒంటిమీద ఉండేవి. ఇవి మనతోనే వస్తాయి, అందులో ఆలోచన లేదు. నెక్లెసు, జూకాలు, చంద్రహారం వంటివి ఏడాదికి నాలుగైదుసార్లు తీసేవి. వడ్డాణం, కాసులపేరు, అరవంకీలు, అమ్మమ్మగారి కంటె ఎప్పుడో ఇంట్లో శుభకార్యానికి తప్ప బయటికి రానివి.

చిక్కంతా రెండో వాటాతోనే. హైటెక్ సిటీలో తేలిక వేషం సోమవారం నుంచి శుక్రవారం దాకానే సుమండీ! శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికీ, ఆశ్వయుజంలో అపార్ట్‌మెంటు ముంగిట బతుకమ్మ ఆటకీ, శనాదివారాల పెళ్ళిళ్ళకీ ఆ జీన్సు పిల్లలే పట్టుచీర కట్టి నిండా నగలు పెట్టుకుంటారు. కాబట్టి మీ వాళ్ళ పెళ్ళిళ్ళూ పేరంటాలూ ఎక్కడ జరుగుతున్నాయో లెక్క వేసుకోండి. బంధువర్గమంతా ఇంకా గోదావరి జిల్లాల్లోనే ఉంటే రెండో వాటా అక్కడి లాకరులోనే ఉండనివ్వండి. అందరూ ఒక్కొక్కరే హైదరాబాదు చేరుతున్నారంటే నగలను కూడా తెచ్చుకోవలసిందే. లేకపోతే ప్రతి ముహూర్తానికీ ఎవరో ఒకరు గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడ నుంచి లింగంపల్లి దాకా సంచి తలకింద పెట్టుకుని జాగారం చెయ్యాలి. ఆ సంచి పోతే రైల్వేవారిని అడుగుదామంటే, 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం మన చేతిసామానుకు వారి నిర్లక్ష్యం రుజువైతే తప్ప బాధ్యత లేదు.

తెచ్చుకున్నాక ఎక్కడ పెట్టాలి? అద్దె ఇంటి చెక్కబీరువా నగలకు చోటు కాదు. ఇంటివారు మారినప్పుడల్లా తాళాలు మార్చరు, పాత తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నాయో మనకు తెలియదు. కనుక బ్యాంకు లాకరు చూసుకోవాలి. ఊళ్ళో లాకరు వదులుకున్నాక ఇక్కడ వెతుక్కోవడం కాదు, ఇక్కడ దొరికాకే అక్కడిది వదులుకోండి. లాకర్లు ఖాళీ లేకపోతే మన దరఖాస్తు తీసుకుని వరుస సంఖ్య ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ఇచ్చిన ఉత్తర్వులు చెబుతున్నాయి. అవి 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఆ సంఖ్య అడిగి తీసుకోండి.

లాకరంటే పూర్తి భరోసా అనుకుంటాం. అందులో ఎంత భరోసా ఉందో కూడా తెలుసుకుందాం. లోపల ఏముందో బ్యాంకువారు అడగరు, రాసుకోరు. అందుకే వారు దానికి బీమా చెయ్యరు. దొంగతనం జరిగినా, అగ్నిప్రమాదం జరిగినా, ఉద్యోగి మోసం చేసినా బ్యాంకు ఇచ్చే పరిహారం ఏడాది అద్దెకు 100 రెట్లు మించదు. అద్దె 4,000 రూపాయలనుకోండి, గరిష్ఠంగా వచ్చేది 4 లక్షలు. 2025లో పది గ్రాముల బంగారం లక్ష రూపాయలు దాటింది. అంటే ఆ 4 లక్షలు నాలుగు తులాలకు కూడా చాలవన్నమాట. వరద, భూకంపం, పిడుగు వంటి వాటికి, బ్యాంకు తప్పు లేకపోతే, అదీ రాదు. అయినా ఇంట్లో కంటే లాకరే నయం. ఉన్నవన్నీ ఒకే లాకరులో పెట్టకుండా రెండు చోట్ల పెట్టుకుంటే ఇంకా నయం.

ఊళ్ళో లాకరు ఉంచుకునేవాళ్ళు మరిచిపోకూడని పని ఒకటుంది. కొత్త చిరునామా, కొత్త ఫోను నంబరు ఆ బ్యాంకుకు రాసి ఇవ్వాలి. మూడేళ్ళు అద్దె కట్టకపోతే బ్యాంకు పద్ధతి ప్రకారం నోటీసు ఇచ్చి లాకరు పగలగొట్టవచ్చు. ఏడేళ్ళపాటు తెరవక, మన జాడ కూడా వారికి తెలియకపోతే, అద్దె కడుతున్నా సరే తెరవవచ్చు. ఏడాదికొకసారైనా పండక్కి వెళ్ళినప్పుడు తెరిచి చూసి రండి. నామినీ పేరు రాసి ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

ఇక అసలు విషయానికి వద్దాం. లాకరు ఎవరి పేరున ఉంది? చాలా ఇళ్ళలో అది మామగారి పేరునో, అన్నయ్య పేరునో ఉంటుంది. నగలు మనవి, సంతకం వారిది. మంచిగా ఉన్నంతకాలం తేడా తెలియదు. పెద్దాయన మంచం పట్టినప్పుడో, అన్నదమ్ములు వాటాలు పంచుకునేటప్పుడో, "ఇవి ఎవరివి?" అన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు నోరు విప్పలేక ఏడ్చిన ఆడవాళ్ళు ఎందరో!

చట్టం మాత్రం స్పష్టంగా ఉంది. పెళ్ళికి ముందు గాని, పెళ్ళిలో గాని, తర్వాత గాని, పుట్టింటివారో అత్తింటివారో బంధువులో ప్రేమగా మనకు ఇచ్చింది స్త్రీధనం. అది పూర్తిగా మనదేనని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. భర్తకు అందులో వాటా లేదు. అవసరానికి వాడుకుంటే తిరిగి ఇవ్వాలి. తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో 2024 ఆగస్టులో అదే కోర్టు మరో మాట చెప్పింది. కూతురి పెళ్ళికి పెట్టిన నగలు తిరిగి ఇప్పించమని తండ్రి అల్లుడి తల్లిదండ్రుల మీద కేసు పెట్టాడు. కూతురి అనుమతి లేకుండా అడిగే హక్కు కన్నతండ్రికి కూడా లేదని తీర్పు వచ్చింది. అంటే నగ ఎక్కడ ఉండాలన్న నిర్ణయంలో చివరి మాట మనదే.

అలాగని అత్తగారితో తగువు పెట్టుకోమనడం లేదు. "అత్తయ్యా, అక్కడ లాకరు తీసుకుంటున్నాం. మీకు శ్రమ లేకుండా మావి మేం తీసుకెళతాం" అని చెబితే సరిపోతుంది. కొత్త లాకరు మీ పేరున, లేదా ఇద్దరిలో ఎవరైనా తెరిచేలా మీ ఇద్దరి పేర్ల మీదా తీసుకోండి.

తర్వాత జాబితా. నిజాం నగలను 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్నది. అవి 173 అని ఈనాడు అంత కచ్చితంగా చెప్పుకుంటున్నామంటే ఎవరో కూర్చుని ఒక్కొక్కటే రాయబట్టే కదా! మన పది నగలకూ అంత శ్రద్ధ అవసరం. పేరు, బరువు, రాళ్ళు ఏమిటి, ఎవరు ఎప్పుడు పెట్టారు, బిల్లు ఉంటే దాని నంబరు, ఒక ఫొటో. కొత్త నగలైతే వాటిమీద ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హాల్‌మార్కు సంకేతం ఉంటుంది, అదీ రాయండి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ సంకేతం లేని హాల్‌మార్కు నగ అమ్మకూడదు. అమ్మమ్మ నాటి నగకు అది ఉండదు, అందుకు బెంగ అక్కర్లేదు.

జాబితా బీమాకు కావాలి, పోలీసు ఫిర్యాదుకు కావాలి. పన్నువారికీ పనికొస్తుంది. 500 గ్రాములు దాటితే నేరమని కొందరు భయపెడతారు. అది నిజం కాదు. సోదాల్లో పెళ్ళయిన స్త్రీకి 500, పెళ్ళికాని అమ్మాయికి 250, మగవారికి 100 గ్రాముల దాకా నగలు స్వాధీనం చేసుకోవద్దని 1994 మేలో పన్నుల బోర్డు అధికారులకు ఇచ్చిన సూచన అది. ఎక్కడినుంచి వచ్చిందో చెప్పగలిగితే పరిమితే లేదని 2016 డిసెంబరులో వివరించారు కూడా.

వీటన్నిటికంటే పెద్ద ఉపయోగం మరొకటి. జాబితా లేని ఇంట్లో ఉంగరం కనబడకపోతే మొదటి చూపు పనిమనిషి మీద పడుతుంది. నెల తర్వాత అది ఊళ్ళో లాకరులో దొరుకుతుంది. ఈలోగా ఆ పేదరాలి పరువు పోతుంది, పని పోతుంది. ఏది ఎక్కడ ఉందో రాసుకోవడం మనకెంత క్షేమమో, ఆమెకూ అంత క్షేమం.

బీమా విషయానికొస్తే, 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీ ప్రధానంగా అగ్ని, వరద వంటివాటికి. అలాంటి ప్రమాదం జరిగిన ఏడు రోజుల్లోపు దొంగతనమైతేనే అందులో కవరవుతుంది. నగలకు విలువ కట్టించి విడిగా చేర్పించాలి. మామూలు దొంగతనానికి కవరు వేరే అడగాలి.

దారిలో జాగ్రత్త చెప్పనే అక్కర్లేదు. సామాను లారీలో నగలు ఎంతమాత్రం పెట్టకండి. నగదుకూ నగలకూ బాధ్యత లేదని ఆ కంపెనీల కాగితాల్లో మామూలుగా రాసే ఉంటుంది. మీ కారులో, పగటివేళ, తిన్నగా బ్యాంకు తెరిచి ఉన్న సమయానికి చేరేలా బయలుదేరండి. సామాను దింపే రోజున కొత్త ఇంట్లో పదిమంది తిరుగుతారు. ఆ పూట ఇంట్లో నగ ఉండకూడదు.

ఇక్కడికి వచ్చాక "ఈ బరువు నగలు ఎవరు వేస్తారు, కరిగించి తేలికవి చేయిద్దాం" అనిపిస్తుంది. ఏడాది ఆగండి. పాతదాంట్లో రాళ్ళ బరువు తీసేస్తారు, కొత్తదానికి తరుగు, మజూరీ, పన్ను కలుపుతారు. కరిగిన కాసులపేరు మళ్ళీ రాదు. రోజువారీ సరదాకు మన చిలకలపూడి గిల్టు నగలున్నాయి, ఒక గ్రాము బంగారం నగలున్నాయి. పోయినా కన్నీళ్ళు రావు. అయితే వాటిని చూసి దొంగ అసలువనుకునే ప్రమాదం ఉంది. పొద్దున నడకకు వెళ్ళేటప్పుడు గొలుసు, గిల్టుదైనా, కొంగు కింద ఉంచండి. గొలుసు లాక్కుపోవడాన్ని 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 304వ సెక్షను కింద ప్రత్యేక నేరం చేశారు, మూడేళ్ళ దాకా జైలు. దొంగకు శిక్ష పడవచ్చు గాని, మెడమీద గాయం మనదే కదా.

ఈ ప్రాంతం నుంచి మళ్ళీ అమెరికా వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. విలువైన నగలు వెంట తీసుకెళ్ళేట్టయితే, బయలుదేరేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్‌వారికి చూపించి ధ్రువపత్రం తీసుకోండి. తిరిగి తెచ్చుకునేటప్పుడు అవి మనవేనని చెప్పడానికి అదే ఆధారం.

ఈ వారంలో ఒక పని చెయ్యండి. నోటుపుస్తకం తీసి ఆ జాబితా మొదలుపెట్టండి. కాపురం మారేవాళ్ళే చెయ్యాలని లేదు, ఉన్న ఊళ్ళో ఉండేవాళ్ళూ చెయ్యండి. ఒక ప్రతి మీ దగ్గర, ఒక ప్రతి మీరు నమ్మిన కూతురి దగ్గరో చెల్లెలి దగ్గరో ఉంచండి. మూడు వాటాల్లో ఏది ఎక్కడికి వెళ్ళాలో ఆ పుస్తకమే మీకు చెబుతుంది.

సెలవు.